ఏడవని తగరం

ముప్ఫై ఆరుగురు పిల్లలకు వంటింటి ఉప్పులో అమోనియా వాసన వచ్చింది.

పిల్లలది ఎంత తప్పో చెప్పడం కష్టం. తిరువూరు శివారులో రేకుల షెడ్డు వేసి కొత్తగా పెట్టిన ఆ జూనియర్ కాలేజీలో ప్రాక్టికల్ పరీక్ష అంటే ఒక పద్ధతి ఉంది. లాబ్ అటెండరు అంతోనయ్య పరీక్షకు ముందే ఏ సాల్టు ఇస్తారో చెవిలో వేస్తాడు. పిల్లలు ముందు ఆఖరి గీత మీద ఫలితం రాసుకుంటారు. అక్కడినుంచి వెనక్కి నడుచుకుంటూ వచ్చి ఏం చేశాం, ఏం చూశాం అన్నది నింపుతారు. ఈసారి అమ్మోనియం క్లోరైడ్ సీసా ఖాళీ అయిపోయింది. బెజవాడ నుంచి సరుకు రాలేదు. పరీక్ష ఆగకూడదని అంతోనయ్య అందులో రెండు గుప్పిళ్ల మెత్తని ఉప్పు పోశాడు, పోసిన సంగతి ఎవరికీ చెప్పలేదు. పిల్లలు మాత్రం వేడి చేశారు, ఘాటైన వాసన చూశారు, ఆమ్లంలో ముంచిన గాజుకడ్డీ దగ్గరికి తెస్తే దట్టమైన తెల్లటి పొగలు వచ్చాయని ముప్ఫై ఆరు కాగితాల్లో రాశారు.

సోమవారం కెమిస్ట్రీ లెక్చరరు సుందరరాజు ఆ సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. పిల్లలు నవ్వారు. ఆయన నవ్వకపోయేసరికి ఆపేశారు.

"అబద్ధం రాశారని నాకు కోపం లేదు. మీకు నిజంగానే వాసన వచ్చిందేమోనని నా భయం," అన్నాడు.

రెండో బెంచీలో అజ్రా తల వంచుకుంది. ఆమెకు నిజంగానే వచ్చింది. ఆ పరీక్షగొట్టం ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. తతిమ్మా వాళ్లకైతే అదొక పేరు, అంతే. అజ్రాకు అది పుట్టినప్పటినుంచీ ఇంట్లో ఉన్న నవాసాగరం. వాళ్ల నాన్న లాల్‌సాహెబ్ ఇత్తడి గిన్నెలకు తగరం పూసి కళాయి వేసేటప్పుడు చల్లేది అదే. దాని వాసన నిద్రలో అయినా గుర్తుపట్టాల్సిన పిల్ల ఉప్పుకి మోసపోయింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

సుందరరాజు కాగితం ముక్కలు పంచాడు. "ఈసారి అందరికీ ఒక సాల్టు ఉండదు. చదువయ్యాక మీరు చేయబోయే పనేంటో రాయండి. ఆ పనిలోంచే మీ ప్రశ్న వస్తుంది."

కాగితాలు తిరిగి వచ్చాయి. ముప్ఫై ఆరూ డాక్టరే.

"తిరువూరికి ముప్ఫై ఆరుగురు డాక్టర్లయితే రోగుల్ని ఎక్కడినుంచి తెద్దాం? నూజివీడు నుంచి బస్సెక్కిద్దామా? నాన్నగారికి చూపించేది కాదిది. నిజం రాయండి."

రెండోసారి అజ్రా చాలాసేపు పెన్ను మూత కొరికింది. పక్కన పెనుగొలను నుంచి వచ్చే జోజప్ప 'ఎరువుల కొట్టు' అని రాశాడు. ముందు బెంచీలో సరోజినీదేవి 'నర్సు' అని రాసి చేత్తో మూసుకుంది. అజ్రా ఒక్క మాట రాసింది. కళాయి.

సుందరరాజు ఆ చీటీ దగ్గర ఆగాడు. "చేయబోయే పని అన్నాను కదమ్మా. ఇది మీ నాన్నగారి పని కాదూ?"

"నేనూ వేస్తానండి," అంది అజ్రా. మూడు వారాలుగా తనే వేస్తోందని చెప్పలేదు.

"మంచిది. గురువారం నువ్వు వాడే తగరం ముక్క తీసుకురా."

*

లాల్‌సాహెబ్ ఇల్లు బజారు వెనక సందులో మూడోది. ముందు వసారాలో కొలిమి ఉండేది. మూడు వారాల కిందట దాన్ని వెనకగదిలోకి మార్చి తలుపులు మూశారు. పనిచేస్తున్నది ఎవరో ఊరు చూడకూడదు కాబట్టి.

అజ్రా సాయంత్రం రాగానే పుస్తకాలు పెట్టి, వోణీ చెంగు నడుముకు బిగించి కూర్చుంది. తల్లి మస్తాన్‌బీ తిత్తి ఊదుతుంటే బొగ్గులు ఎర్రబడ్డాయి. ఇసకా చింతపండుతో తోమి ఆరబెట్టిన ఇత్తడి గిన్నె పటకారుతో పట్టి నిప్పు మీద తిప్పింది. గిన్నె వేడెక్కాక నవాసాగరం పొడి చల్లింది. తెల్లటి పొగ లేచింది. ముఖం పక్కకు తిప్పి, తగరం కడ్డీ కొన అడుగున రాసింది. కరిగిన చుక్కను దూదితో గుండ్రంగా, అంచుదాకా, ఆగకుండా తుడిచింది. ఒక్క క్షణం ఆలస్యమైతే చారలు పడతాయి. గిన్నె లోపల వెన్నెల రంగు పరుచుకుంది. నీళ్లలో ముంచితే సుయ్యిమంది.

"ఎవరిది?" అని అడిగాడు లాల్‌సాహెబ్. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయనకు చదువు రాదు. గిన్నెల మీద కొట్టించిన పేర్లు కూతురే చదివి చెప్పాలి.

"జ్ఞానమణి అని ఉంది. చారుగిన్నె."

"మీ కెమిస్ట్రీ సారు పెళ్లాందే. మీ ఆయనే వేస్తాడుగా అని అడిగిందావిడ. ఎడంచేత్తో వేస్తున్నాడని చెప్పా," అంది మస్తాన్‌బీ.

లాల్‌సాహెబ్ కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. నొప్పి లేదు, వాపు లేదు, దెబ్బ లేదు. మణికట్టు దగ్గరినుంచి కిందికి వాలిపోయింది, అంతే. ఎత్తమంటే మోచెయ్యి లేస్తుంది, అరచెయ్యి వేలాడుతుంది. చిత్రమేమిటంటే ఎవరైనా ఆ మణికట్టు ఎత్తి పట్టుకుంటే వేళ్లు మెల్లగా ముడుచుకుని పటకారు పట్టుకుంటాయి. వదిలితే మళ్లీ పడిపోతుంది. దర్గాలో కట్టిన తాయెత్తు ఆ మణికట్టునుంచి జారి వేళ్ల దగ్గర వేలాడుతోంది.

"ఇది నాది కాదే. ఎవరిదో తెచ్చి తగిలించారు," అనేవాడు ఆయన. మొదట్లో భార్యాకూతుళ్లను నవ్వించాలని అన్నాడు. ఇప్పుడు ఆ మాట అంటే వాళ్లకు ఒళ్లు జలదరిస్తోంది.

ఎవరు తగిలించారో సందంతటికీ తెలుసు. సందు చివర పాకలో విస్తరాకులు కుట్టుకుని బతికే పుల్లమ్మ. మొగుడు హనుమయ్య పోయాక ఒంటరిది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఆమెకు రెండూ చెడ్డవే. వేసవినుంచి మూడుసార్లు ఆమె గిన్నెకు కళాయి వేశాడు లాల్‌సాహెబ్. మూడుసార్లూ నెల తిరక్కుండానే నల్లబడింది. మూడోసారి ఆమె గిన్నె పట్టుకొచ్చి సందు మధ్యలో నిలబడి, "ఇదేం కళాయిరా, నీ చెయ్యి పడిపోను!" అని అరిచింది. పది మంది విన్నారు. పదకొండో రోజుకు చెయ్యి పడిపోయింది.

ఆ పైన ఇంకోటి. పొద్దువాలే వేళ ఆ పాకలోంచి ఒక చప్పుడు వస్తోంది. ఏడుపు కాదు, పాట కాదు. లోగొంతుతో సాగదీసి, ఆగి, మళ్లీ సాగదీసే మూలుగు. తొంగిచూసిన వాళ్లు, ఆమె పొయ్యి ముందు బోర్లా వంగి నేలకు పొట్ట ఆనించి ఉందని చెప్పారు. చిల్లంగి మంత్రం చదువుతోందన్నారు.

ఆ సాయంత్రమూ వచ్చింది ఆ మూలుగు. మస్తాన్‌బీ తిత్తి వదిలేసి కిటికీ రెక్క మూసింది. "మొదలెట్టింది ముండ."

గుమ్మంలో అజ్రా మేనమామ జానీబాషా నిలబడి ఉన్నాడు. లారీ డ్రైవరు. గుడ్డలో మూట కట్టిన కడ్డీలు నాలుగు తెచ్చి చెల్లెలి ముందు పెట్టాడు. "శుక్రవారం నమాజయ్యాక వెళ్తున్నాం. నలుగురం చాలు. చంపం, కొట్టం. ముందు పళ్లు రెండు పీకేస్తే చాలు, మంత్రం పలకదు. పలక్కపోతే పారదు. బావ చెయ్యి దానంతటదే లేస్తుంది."

"ఆవిడ ముసల్ది మావయ్యా," అంది అజ్రా.

"నీకేం తెలుసే. నువ్వు పుస్తకాలు చదువుకో."

అజ్రా కొత్త కడ్డీ ఒకటి తీసుకుని అలవాటుగా చెవి దగ్గర పెట్టుకుని వంచింది. చిన్నప్పుడు ఆమెకిది ఆట. తగరం కడ్డీ వంచితే లోపల కిర్రుమని సన్నగా ఏడుస్తుంది. నాన్న కొత్త కడ్డీ తెచ్చిన ప్రతిసారీ ముందు ఆమె చెవి దగ్గరే వంచేవాడు. ఇది మెత్తగా వంగింది. చప్పుడు లేదు.

"ఇది ఏడవట్లేదేంటి నాన్నా?"

"కొత్త రకం," అన్నాడు లాల్‌సాహెబ్, కిటికీ వైపు చూస్తూ.

*

గురువారం లాబ్‌లో అంతోనయ్యకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఒక్కొక్కరి ముందు ఒక్కో పొట్లం. జోజప్ప యూరియా తెచ్చాడు. సరోజినీదేవి ఆసుపత్రి కాంపౌండరు దగ్గర అడిగి ఏదో తెల్లపొడి తెచ్చింది. వినగడప నుంచి వచ్చే పిల్లవాడొకడు పాలు తెచ్చాడు. ఎవరి చెవిలో ఏం చెప్పాలో అంతోనయ్యకే తెలియదు.

"నా చేతిలో ఏం లేదు నాయనా, అంతా ప్రభువు దయ," అంటూ బల్లల మధ్య తిరుగుతున్నాడు.

అజ్రాకు ఇచ్చిన కాగితంలో మూడే ప్రశ్నలు, సుందరరాజు దస్తూరీలో. ఒకటి, నీ నమూనాలో ఏముంది? రెండు, నీ పనికి పనికిరానిది అందులో ఏముండవచ్చు, ఉందో లేదో చూడు. మూడు, ఈ ఫలితాన్ని బట్టి నీ పనిలో నువ్వేం చేస్తావు?

మొదటి దానికి ఆలోచించాల్సిన పనేముంది? తగరం. రెండో దానికి సీసం ఉండకూడదని పుస్తకంలోనే ఉంది. ముప్ఫై ఏళ్లుగా కళాయి వేస్తున్న మనిషి ఇంటి తగరం అది. ఉప్పు సంగతి జరిగి మూడు రోజులే అయినా, అలవాటు అంత తొందరగా పోదు. ఆఖరి గీత మీద సిరాతో 'సీసం లేదు' అని ముందే రాసింది. తర్వాత పని మొదలుపెట్టింది.

ఆకురాయితో కడ్డీ రాసి పొడి దించింది. నత్రికామ్లం పోస్తే గోధుమరంగు పొగ వచ్చి, అడుగున తెల్లటి పొడి కూర్చుంది. అది తగరం. వడగట్టింది. గరాటు కింద గాజుగ్లాసులోకి నీళ్లలాంటి ద్రవం చుక్క చుక్కగా దిగింది. దాన్ని ఇగరబెట్టి మళ్లీ నీళ్లు కలిపి పరీక్షగొట్టంలో పోసుకుంది. ఇందులో ఏమీ లేదు. ఏమీ లేదని రాసేసింది కూడా. పొటాషియం అయొడైడ్ రెండు చుక్కలు వేసింది.

గొట్టమంతా పసుపు కమ్ముకుంది.

అజ్రా చేతులు ఆగిపోయాయి. పసుపు ముద్దగా కిందికి దిగుతోంది. వేడి చేస్తే కరగాలి అని పుస్తకం చెప్పిన మాట గుర్తొచ్చి, గొట్టంలో ఇంకాసిని నీళ్లు పోసి దీపం మీద పెట్టింది. పసుపు పలచబడింది. ఇంకా పలచబడింది. పోయింది. మళ్లీ నీళ్లే. పోయింది కదా, ఏదో పొరపాటు, అనుకుని గొట్టాన్ని కుళాయి నీటికింద పట్టింది.

తేటనీళ్ల మధ్యలో, ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండా, బంగారు రేకు ఒకటి మెరిసింది. తిరుగుతూ కిందికి జారింది. దాని వెనక ఇంకోటి. తర్వాత పది. తర్వాత లెక్కలేదు. గొట్టంలో బంగారం మెల్లగా, చప్పుడు లేకుండా కురుస్తోంది. చూడడానికి అందంగా ఉంది. అజ్రాకు అది చూస్తుంటే భయం వేసింది, భయంలో కూడా చూపు తిప్పుకోలేకపోయింది.

"ఒరేయ్, పుత్తడి!" అన్నాడు జోజప్ప. అంతోనయ్య తొంగిచూసి శిలువ గుర్తు వేసుకున్నాడు.

సుందరరాజు వచ్చి గొట్టం వెలుతురుకేసి ఎత్తి పట్టుకున్నాడు. తర్వాత కాగితం చూశాడు.

"ఫలితం ముందే రాశావా?"

"అందరం అలాగే రాస్తామండి."

"ఈ కడ్డీ ఎక్కడిదమ్మా?"

"బజార్లో కొన్నామండి."

ఆయన గొట్టాన్ని స్టాండులో నిలబెట్టాడు. గొంతు తగ్గించాడు. "మా నాన్న రాయప్ప, ఒక ప్రెస్సులో కంపోజిటరు. ముప్ఫై ఏళ్లు సీసం అక్షరాలు పేర్చాడు. పొద్దువాలితే కడుపు పట్టుకుని నేల మీద బోర్లా పడి మూలిగేవాడు. చివరికి కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది. ముద్ద నోటిదాకా వచ్చేది కాదు. మా అమ్మ పెట్టేది. పళ్లు ఎక్కడున్నాయో అక్కడల్లా చిగురంచున నీలంగా గీత ఉండేది, పెన్సిలుతో గీసినట్టు. మేం చాలా ఏళ్లు అది తాంబూలం మరకనుకున్నాం."

అజ్రా బల్ల అంచు పట్టుకుంది.

"మీ ఇంట్లో ఎవరికైనా..." అని ఆయన ఆగాడు.

"లేదండి," అంది. తనకు తెలియకుండానే అంది. కాగితం మీద రాసినంత సులువుగా నోటికీ వచ్చింది ఆ మాట.

సుందరరాజు ఎర్రకలం జేబులోంచి తియ్యలేదు. "మూడో ప్రశ్న ఖాళీగా ఉంది. శనివారం పొద్దున వచ్చి రాయి. నీకు మార్కులు దాన్ని బట్టే."

*

ఇంటికి వచ్చేసరికి మస్తాన్‌బీ గిన్నెలు ఇచ్చిరావడానికి వెళ్లింది. లాల్‌సాహెబ్ వెనకగదిలో ఒక్కడే ఉన్నాడు. బయట వెలుతురు పలచబడుతోంది. సందు చివర మూలుగు మొదలైంది. పొద్దువాలితే కడుపు పట్టుకుని, అన్న సారు మాట అజ్రా చెవిలో ఉంది. కిటికీ మూయకుండా నిలబడి వింది. ఇన్నాళ్లూ ఆమెకు అందులో మంత్రాలు వినిపించాయి. హ్రీం అనో క్రీం అనో ఉందని తనే తల్లితో ప్రమాణం చేసి చెప్పింది కూడా. ఇప్పుడు విన్నది ముసలిది కడుపునొప్పితో "అమ్మా" అంటున్న చప్పుడు. ఆ ఒక్కమాటే.

గోడమీది అద్దం తీసుకొచ్చి తండ్రి ముందు కూర్చుంది. "నాన్నా, నోరు తెరువు."

"ఎందుకే?"

"తెరువు."

కూతురి ముఖంలో ఏం కనిపించిందో, తెరిచాడు. అజ్రా పైపెదవి ఎత్తింది. ప్రతి పన్ను మొదట్లోనూ చిగురు మీద నీలపు గీత ఉంది. సన్నగా, తిన్నగా, ఎవరో కూర్చుని ఓపిగ్గా గీసినట్టు ఉంది.

"బొగ్గుతో తోముకుంటాగా, దానిది," అన్నాడు అద్దంలో చూసుకుని లాల్‌సాహెబ్.

అజ్రా లాబ్‌లో చూసింది చెప్పింది, సారు నాన్న సంగతీ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన కడ్డీల మూట వైపే చూశాడు.

"సగానికి సగం," అన్నాడు చివరికి. "తగరం ఎక్కడ దొరుకుతోందే ఇప్పుడు? మీ మావయ్య పాత లారీ బ్యాటరీల పలకలు తెస్తున్నాడు. ఉగాదినుంచీ ఇక్కడే కరిగించి కలిపా, చెయ్యి పడ్డాక వాడే కలిపి కడ్డీలు పోసి తెస్తున్నాడు. రంగు కాస్త తగ్గుద్దని తెలుసు. చెయ్యి తీసుకుపోద్దని నాకేం తెలుసు?"

"అయితే పుల్లమ్మ ఏం చెయ్యలేదు."

ఆయన ఎడంచేత్తో కడ్డీల మీద గుడ్డ కప్పాడు.

"రేపు మావయ్యకి చెబుదాం నాన్నా."

"చెప్పి? చిల్లంగి పెట్టారంటే ఊరు జాలిపడుద్ది. సీసం కలిపాడంటే ఈ జన్మలో ఇంకో గిన్నె ఇస్తుందా? నీ చదువు, మీ అమ్మ, అంతా దీని మీదే కదే." ఎడంచేత్తో కుడిచెయ్యి ఎత్తి మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు.

"వాళ్లు ఆవిడ పళ్లు పీకుతారు."

"రెండే అన్నాడుగా," అన్నాడు లాల్‌సాహెబ్.

అజ్రా తండ్రి వైపు చూసింది. ఈ గొంతు ఎవరిదో తెచ్చి తగిలించినట్టు అనిపించింది. అద్దం తనవైపు తిప్పుకుని తన పెదవి ఎత్తి చూసుకుంది. గులాబీ రంగే ఉంది. గీత ఇంకా లేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం నలుగురు సందులోకి వచ్చారు. జానీబాషా లుంగీ మడిచి కట్టాడు, చేతిలో లారీ టూల్‌బాక్సులోని కటింగ్‌ప్లేయరు ఉంది. వెనక పది మంది జనం, ఆ వెనక లాల్‌సాహెబ్. రోగం ఎవరికో వాడు దగ్గరుండాలట, అప్పుడే పోతుందట. ఆయన తల వంచుకుని వస్తున్నాడు. అజ్రా కాలేజీకి వెళ్లలేదు. అందరికంటే ముందే పరిగెత్తి పాక గుమ్మంలో నిలబడింది.

"లెగు అవతలికి," అన్నాడు మేనమామ.

"మావయ్యా, ఆవిడ కాదు. ఆ బ్యాటరీ సీసమే. నేను పరీక్ష చేశా."

"పరీక్షంట!" ఎవరో నవ్వారు. జానీబాషా ఆమెను రెక్క పట్టి పక్కకు లాగి పడదోశాడు.

పుల్లమ్మ విస్తరి కుడుతోంది. ఒళ్లో మోదుగాకులు, నోట్లో ఈనెపుల్ల. కడుపుకి అడ్డంగా తడిగుడ్డ బిగించి కట్టుకుంది. పొయ్యి మీద హనుమయ్య పేరు కొట్టించిన ఇత్తడి గిన్నెలో నిన్నటి చింతపండు పులుసు. ఇంతమందిని చూసి ఆమె అరవలేదు, తిట్టలేదు. అది చూసే అందరికీ ఎక్కువ భయం వేసింది. పుల్లమ్మ తిట్టకుండా ఉండడం సందులో ఎవరూ ఎరుగరు.

ఇద్దరు చేతులు పట్టుకున్నారు. జానీబాషా గడ్డం పట్టి తల వెనక్కి వంచి నోరు తెరిపించాడు. పైవరసలో పళ్లు మూడు, కింద మూడు. ఏది పట్టుకోవాలా అని వెలుతురుకేసి తిప్పాడు. పక్కనే పడి ఉన్న అజ్రాకు ఆ నోరు స్పష్టంగా కనబడింది.

ఆరు పళ్లకీ ఆరు గీతలు. పన్ను ఉన్నచోట నీలంగా, పన్ను లేనిచోట బోసిచిగురు శుభ్రంగా.

అజ్రా అరవలేదు. లేచి జనాన్ని తోసుకుని వెళ్లి తండ్రి వాలిన చేతిని పట్టుకుంది. "ఒక్కసారి వచ్చి చూడు నాన్నా. చూసి, తర్వాత నీ ఇష్టం."

లాల్‌సాహెబ్ వచ్చాడు. వంగి ముసలిదాని నోట్లోకి చూశాడు. నిన్న అద్దంలో చూసుకున్నదే అక్కడ ఉంది. కళ్లు గిన్నె మీదికి వెళ్లాయి, గిన్నెలో మూడుసార్లు తను పూసిన పూతను పులుసు తినేసిన నల్లటి మరకల మీదికి వెళ్లాయి. మనిషి చెంపమీద కొట్టినట్టు వెనక్కి జరిగాడు.

"జానీ, ఇటు చూడు," అన్నాడు. ఎడంచేత్తో తన పెదవి తనే ఎత్తి చూపించాడు. జానీబాషాకి, చేతులు పట్టుకున్న ఇద్దరికీ, వెనకున్న జనానికీ మెల్లగా తిరిగి చూపించాడు. "వదలండ్రా ఆమెని. ఆమె నాకేం పెట్టలా. నేనే ఆమెకి పెట్టా. అన్నంతో పాటు పెట్టా."

ఎవరికీ పూర్తిగా అర్థం కాలేదు. రెండు నోళ్లలో ఒకటే గీత ఉందన్నది మాత్రం అందరికీ కనబడింది. నలుగురిలో ఒకడు నాలుకతో తన చిగుళ్లు తడుముకున్నాడు. అది చూసి ఇంకొకడు. జానీబాషా చేతిలోని ప్లేయరును లుంగీ మడతలో దాచుకున్నాడు. జనం ఒక్కొక్కరే, మాట్లాడుకోకుండా, వాళ్ల వాళ్ల ఇళ్ల గిన్నెల వైపు వెళ్లిపోయారు.

పుల్లమ్మ పమిటతో మూతి తుడుచుకుంది. "నేనే చేశాననుకున్నానురా లాల్‌సాయిబూ," అంది. "నీ చెయ్యి పడిపోను అన్నానుగా. అందర్నీ అంటా, అంతకుముందు పాలవాణ్నీ అన్నా. నీ చెయ్యి నిజంగా పడిపోయిందనేసరికి నా నోటికేదో పట్టిందనుకున్నా. అందుకే ఇరవై రోజులుగా ఎవర్నీ ఏమీ అనట్లా. కడుపు కోసేస్తున్నా, పాపం చుట్టుకుందిలే అని ఊరుకున్నా."

లాల్‌సాహెబ్ ఆమె ముందు నేల మీద కూలబడ్డాడు. ఏడ్చాడు. అజ్రా పొయ్యి మీది గిన్నె దించి, పులుసు బయట పారబోసి, బోర్లించింది.

*

శనివారం స్టాఫ్‌రూంలో సుందరరాజు ఒక్కడే ఉన్నాడు. అజ్రా తలుపు దగ్గర ఆగి, "రాస్తానండి," అంది. ఆయన కాగితం తీసి ఇచ్చి, ఎదుటి కుర్చీ చూపించాడు.

ముందు ఆఖరి గీత మీది 'లేదు' కొట్టేసి 'ఉంది' అని రాసింది. కింద ముక్తసరిగా చేర్చింది. కడ్డీ బజార్లో కొన్నది కాదు, బ్యాటరీ సీసం, మేమే కలిపాం. మా నాన్నకి చెయ్యి వాలిపోయింది. గురువారం మీకు లేదని చెప్పాను.

మూడో ప్రశ్న. ఈ ఫలితాన్ని బట్టి నీ పనిలో నువ్వేం చేస్తావు?

ఏడ్చే తగరం దొరికేదాకా కళాయి వెయ్యను అని రాసింది. ఉగాదినుంచి మేం కళాయి వేసిన గిన్నెలున్న ప్రతి ఇంటికీ వెళ్లి, వాటిలో పులుపు వండొద్దని, మట్టిచట్టిలో వండుకోమని, కడుపునొప్పి ఉన్నవాళ్లని బెజవాడ పెద్దాసుపత్రికి వెళ్లమని చెబుతాను. తిడితే పడతాను. ఇళ్ల పేర్లు ఇవి.

పేర్లు గిన్నెల మీద చదివినవే. కళ్లు మూసుకున్నా కనిపిస్తాయి. హనుమయ్య, తపేలా. చిట్టెమ్మ, గంగాళం. సామ్రాజ్యం, రెండు గిన్నెలు. జోజమ్మ, పాలతపేలా. నెమలి ఊరి సత్రం, పులిహోర గుండిగ. ఒకదాని కింద ఒకటి రాస్తూ పోయింది. ఎదురుగా కూర్చున్న సుందరరాజు తలకిందులుగానే చదువుతున్నాడు. మొదటి పేర్ల దగ్గర ఆయన ముఖం దిగులుగా ఉంది, మాస్టారి దిగులు. పంతొమ్మిదో పేరు రాసేటప్పుడు అజ్రా కలం ఒకసారి ఆగింది. రాసేసింది.

జ్ఞానమణి, చారుగిన్నె.

ఆమె తలెత్తలేదు, కాగితం అడుగుదాకా నింపింది. ఇంకా సగం పేర్లు కూడా కాలేదు.

"సార్, అడిషనల్ షీటు కావాలండి."

సుందరరాజు వెంటనే లేవలేదు. మూసిన పెదవుల వెనక ఆయన నాలుక చిగురు వెంట ఈ చివరినుంచి ఆ చివరికి మెల్లగా కదలడం అజ్రా చూసింది. తర్వాత లేచి బీరువా తెరిచి, రెండు కాగితాలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.